తేమ శాతం

ఎనుమాముల యార్డుల ఇరవై రెండేండ్లు
పత్తి బస్తాల కడుపుల సూది గుచ్చిన చెయ్యి ఇది.
మిషిని మీద అంకె తిరిగి ఆగేలోపు
రైతు మొఖం ఎన్నడూ చూడలే.
చూస్తే అంకె మారుతదని కాదు,
చూస్తే నాకు రాయబుద్ధి కాదని.
పన్నెండు దాటితే కోత,
పద్నాలుగైతే పక్కకు.
"మంచు వడ్డది సారూ, గంటసేపు ఎండల పోస్త."
"ఎండ నీదైతది గని యార్డు నీది కాదు, బండి తియ్."

అసొంటి నేను
వైశాఖంల ఇల్లు కొన్న.
హంటర్ రోడ్డు దాటి, బొందివాగుకు ఇవతల,
నూటముప్పై గజాలు, తూర్పు ముఖం,
గోడలకు కోడిగుడ్డు రంగు.
ఐలోని సారు మజ్జిగిచ్చిండు.
వంటింట్ల ఊదుబత్తి,
పడకింట్ల ఊదుబత్తి,
నడింట్ల రెండు.
భక్తిమంతుల ఇల్లు, అన్నది కోమల.
నేను గడప కొట్టి చూసిన, టేకే.
కరెంటు బిల్లు చూసిన, నల్లా బిల్లు చూసిన,
ముప్పై ఏండ్ల ఈసీ తీయించిన.
గోడ మీద అరచెయ్యి మాత్రం పెట్టలే,
కొత్త రంగు గదా, మాసిపోతదని.

పెద్ద పుసాల్ల మూడొద్దులు ముసురు.
మొదలు వాసన వచ్చింది.
ఎలుక చచ్చిన వాసన కాదు, మోరి వాసన కాదు,
మర్యాదగా చుట్టం లెక్క వచ్చి
లేవకుండ కూసున్న వాసన.
బీరువా జరిపితే
వెనక గోడంత నల్లటి పొడలు,
నడుమ నడుమ తెల్లటి నూగు,
తొక్కు మీద లేస్తదే, అట్ల.
కోమల పెండ్లి చీర మడతల
అదే నూగు
జరీ పోగు వెంబడి నడిచింది.

రుత్వికకు దగ్గు.
డాక్టరు దాని వీపు మీద గొట్టం పెట్టి, నా దిక్కు తిరిగి
"ఇల్లు మారిన్రా?" అన్నడు.
అది పెన్సిలు తీసుకొని
మచ్చ చుట్టూ గీత గీసి తారీఖు ఏసింది.
వారానికో గీత, భూపటంల దేశం లెక్క.
పెత్రమాస నాటికి
"డాడీ, మచ్చ నాకంటే పొడుగైంది" అన్నది
పక్కన నిలవడి, మడిమలు లేపి.

ఒక రాత్రి మిషిని ఇంటికి తెచ్చిన. తేవద్దు, తెచ్చిన.
పత్తిని చూసే మిషిని గోడను చూడదని
నాకు తెల్వదా?
సూదులు గుచ్చితే గోడ అడ్డం చెప్పలే,
అటుకుల బస్తా లెక్క దిగనిచ్చింది.
అంకె తిరిగింది, తిరిగింది,
అంకెలయిపోయి వట్టి గీతలు మిగిలినయి.
టార్చి పట్టుకున్న కోమల
"ఎంత?" అనలే.
అంకె కాడ నిలవడ్డోని మొఖం ఎట్లుంటదో
ఆమె చూసింది.
నాకు చెప్పలే.

ఐలోని సారు కాజీపేటల కిరాయికుంటుండు.
మళ్ల మజ్జిగిచ్చిండు.
లోపలి అర్రల నుంచి ఆయన భార్య దగ్గు,
మా బిడ్డ దగ్గుకు పెద్దమ్మ దగ్గు.
గ్లాసు కింద పెట్టినంక అన్నడు:
"తేమ చూసే కొలువు గదా నీది,
చూసే కొన్నవనుకున్న."

దసరా ఎల్లినంక పత్తి వచ్చింది.
పద్నాలుగు.
కోసిన. రూలు రూలే.
మొఖం చూసి కోసిన, అంతే తేడా,
దాంతోని ఆయనకు ఒక్క రూపాయి కలిసిరాలే.

ఎండకాలానికి గోడ ఆరింది.
మచ్చ సన్నగై, గీతలే మిగిలినయి.
దళారి యాకయ్య ఫోను చేసిండు:
"రెండు కోట్లు లప్పం, ఒక కోటు రంగు,
వైశాఖం దాటకముందే బేరం నాది.
ఊదుబత్తులు నువ్వు చూసుకో."
నవ్విండు. నేను గూడ నవ్విన.
నలభై కిలోల లప్పం బస్తా తెచ్చి
మెట్ల కింద పెట్టిన.
"నా గీతలు తుడుస్తవా?" అన్నది రుత్విక.
రేపు, అన్న.
రేపు అనుకుంటనే యార్డుకు పోయిన, వచ్చిన.
పొద్దుగూకంగ బస్తా దిక్కు చూసేది,
అది నా దిక్కు చూసేది.

మిర్గం చినుకుకు తలుపులేసి
బస్తా మూతి కోస్తే
కత్తి ఖణేలుమన్నది.
మెట్ల కింద గోడ
దాని నీళ్లు అది తాపింది, నాతోని అడగకుండ.
బస్తా బస్తాగనే రాయైంది.

పారేయనీకి ఇద్దరం మోసినం,
గేటు దాక పోయేసరికి చేతులు గుంజినయి.
ఆడనే దించినం.
వానకు వాకిలి బురద,
ఎక్కి దిగనీకి మెట్టైంది.